తలుపుకు అతికించిన బాండు

"పెద్దమ్మా, ఓబులమ్మవ్వ ఇంట్లో గూటి తలుపుకు నడిమధ్యలో పలకంత బొక్క ఉండాదే, దాని సుట్టూ కుంకుమ బొట్లు యాల పెట్టినారు?"

అదా. సూసినావా నువ్వు. ఆడ నవ్వలేదు గదా? మంచిపని చేసినావు. ఓబులక్క మొగుడు మల్లప్ప బావ ఉన్నప్పుడు నవ్వితే ఆయప్ప శానా బాధపడతాడు. ఆ బొక్క పడేదానికి కారణం నేనే పాపా. చెప్తా. ఆ రికార్డు చేసే ఫోను మాత్రం నా మొగానికి ఎదురుగా పెట్టొద్దు, మాట రాదు నాకు. అట్ల చాట పక్కన పెట్టు. ఈ సెనక్కాయలు వలుస్తా చెప్తా. చేతులకు పని ఉంటే నోరు కొంచెం తిరుగుతాది.

నా సంగతి మీ యమ్మ పులివెందులలో చెప్పే ఉంటాది. చిన్నప్పటినుంచీ నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పట్టుకుంటాది. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివినా. ఐదేండ్లూ టీచరమ్మ "మార్తా" అని పిలిస్తే చెయ్యెత్తిందే గాని నోరు తెరిచింది లేదు. పెండ్లిలో అయ్యగారు "యోబును భర్తగా అంగీకరిస్తావా" అని అడిగితే తల ఊపితి. తల ఊపితే చెల్లదమ్మా, నోటితో చెప్పాల అనె ఆయప్ప. నేను చెమటలు కారిపోయి నిలబడుకోనుంటే, ఎనకాలనుంచి మా యమ్మ "అంగీకరిస్తాను" అనేసె. గుడంతా ఒకటే నవ్వు. అంటే నాయంగా చూస్తే మీ పెదనాయనను చేసుకునింది మీ అవ్వ.

మీ పెదనాయన నాకు పూర్తి ఎదురు గదా. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పని, ఆ మిషన్ల మోతలో కూడా మాట్లాడుకుంటానే ఉండేవాడు. ఎవురికీ ఇనపడదు, అయినా ఆపడు. ఇంట్లో ఇద్దరి మాటలూ ఆయనే మాట్లాడుతాండె. నాకూ అదే సుఖంగా ఉండె.

అట్లాంటి నన్ను ఏజెంటును చేసిరి, సూడు.

ప్రొద్దుటూరులో ఒక కంపెనీ ఉండె. పేరు చెప్పను, ఇంగా కోర్టులో ఉండాది. బంగారంగళ్ళ బజారులో మేడమీద ఆఫీసు. పోతే ఏసీ, బిస్కెట్లు, స్టీలు గ్లాసులో నీళ్ళు. నెలనెలా కొంచెం కట్టినా సరే, ఒకేసారి కట్టినా సరే, ఐదున్నరేండ్లకు రెండింతలు ఇస్తామనిరి. బ్యాంకులో అంత యాడిస్తారు? ఆ కంపెనీ సారు ఒకాయన మా వీధికి ఏజెంటు కోసరం వచ్చె. ఇంతమంది వాగేవాళ్ళు ఉండంగా, మూలన నిలబడిన నన్ను చూపిచ్చి, ఈయమ్మ కావాల అనె. మాట్లాడే ఏజెంటును జనం అనుమానంగా సూస్తారంట, నోరు లేనోళ్ళనయితే నమ్ముతారంట. నేను వద్దని చెప్పాలనే అనుకుంటి పాపా. వద్దని చెప్పాలన్నా మాట్లాడాల గదా. చెప్పలేక ఏజెంటునైతి.

ఆయప్ప లెక్క తప్పు కాలేదు. నేను పోయి ఒకరింట్లో కూచునే దాన్ని. వాళ్ళే, ఏమ్మే మార్తక్కా, ఆ కంపెనీ కతేంది అని అడిగేవాళ్ళు. కాగితం చూపిచ్చేదాన్ని. ఈయమ్మకు అబద్ధం చెప్పేదానికి కూడా నోరు రాదు అని కట్టేవాళ్ళు. ఏడాదికే నలభై మందయిరి. ప్రొద్దుటూరులో పెద్ద కల్యాణమంటపంలో మీటింగు పెట్టి, మంచి ఏజెంటని స్టేజీ మీదకు పిలిస్తే నేను పోయి బాత్‌రూములో దాక్కుంటి. మీ పెదనాయన పోయి గోడగడియారం తీసుకోని, నా తరపున మైకులో మాట్లాడి వచ్చె. ఎంతసేపు మాట్లాడెనంటే, ఆ గడియారం చూపిచ్చే ఆపిచ్చిరంట.

ఓబులక్క ఇంట్లోకి వస్తా ఉండు. వాళ్ళది గొర్రెల ఇల్లు గదా. వాళ్ళల్లో ఒక పద్ధతి ఉండాది. ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు పుట్టింటోళ్ళు ఒక గొర్రెను తోలి పంపుతారు. దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, అన్నీ ఆ పిల్లవే. మొగుడు మేపాల, అంతే. మంద ఒకటే అయినా చెవి కొసన గాటు చూసి, ఇది ఆయమ్మది అని పక్కకు తీస్తారు. అమ్మినా, కోసినా మొగుడు అడగగూడదు. ఓబులక్కకు మోకాళ్ళు పోయినాక, ఇంగ గొర్రెల ఎంబడి తిరగలేను, నావి అమ్మేసి ఇంటికాడ ఒక పాడి బర్రెను కట్టేసుకుంటా అని అనుకునె. ఐదారేండ్లకు మంచి బర్రె కొనేంత కావాలంటే, మీ కంపెనీలో ఏస్తే అవుతాదా అని నన్ను అడిగె. నేను తల ఊపితి.

ఆ తల ఊపిందే పాపా. అదే నన్ను తినేసింది తరవాత. అప్పుడు ఈనిన గొర్రె ఐదారు వేలు పలుకుతాండె, ఇప్పుడు ఆ రేటు చెప్తే సంతలో నవ్వుతారు. ఏడు గొర్రెలు అమ్మి ఒక్క నోటూ ఉంచుకోకుండా నా చేతిలో పెట్టె.

బాండు వచ్చె. మంచి గట్టి కాగితం, సుట్టూ బంగారు రంగు అంచు, పైన ఎంకటేశ్వరస్వామి బొమ్మ, కింద అంతా ఇంగ్లీషు. ఓబులక్కకు ముందొకసారి పింఛను కాగితాన్ని గొర్రెపిల్ల తినేసింటె. వాళ్ళింట్లో గొర్రెపిల్లలను గంప కింద మూస్తారు, ఎప్పుడో ఒకటి బయటపడి అందిందల్లా నములుతాది. ఎలకలొకపక్క. అందుకని ఆయక్క బాండును గూటి తలుపు లోపలిపక్క మైదా ఉడికిచ్చి అతికిచ్చె. ఇండ్లల్లో మంచి కాగితాలు అట్ల అతికిచ్చుకునేది మామూలే గదా, పెండ్లిపత్రికలూ, పిల్లోళ్ళ ఫోటోలూ. ఈయమ్మ ఊరుకోకుండా పైన వార్నీసు కూడా కొట్టె.

మొగునికి చెప్పలేదు. ఆమె గొర్రెలు, ఆమె దుడ్లు, చెప్పాల్సిన పనీ లేదు. మల్లప్ప బావకు చదువు రాదు. గూడు తెరిస్తే స్వామి బొమ్మ కనపడె. మా ఆడది స్వామిని పెట్టుకునింది అనుకోని, శనివారం శనివారం బొట్టు పెట్టి కర్పూరం ఎలిగిచ్చేది మొదలుపెట్టె. నాలుగేండ్లు.

ఇంగ కరోనా వచ్చెనా. అది పొయినాక కూడా పనులు తిరగలేదు. పాలిష్ ఫ్యాక్టరీల్లో రాయి అట్లే పడి ఉండె, కొనే దిక్కు ల్యా. కరెంటు బిల్లు కట్టలేక సగం మిషన్లు ఆపిరి. మీ పెదనాయనకు వారంలో రెండు దినాలే పని. మిగతా ఐదు దినాలు ఇంట్లో మాట్లాడుతాండె. ప్రొద్దుటూరులో బట్టలంగళ్ళోళ్ళు బయట కుర్చీలేసుకోని రోడ్డు సూస్తా కూచుంటాండిరి. అందరికీ ఒకేసారి దుడ్లు కావాల్సొచ్చె. అందరూ కంపెనీకి పోయిరి. వచ్చే నెల అనిరి. మల్లా వచ్చే నెల అనిరి. బిస్కెట్లు నిలిపేసిరి. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఒకరోజు పోతే షట్టరు మూసి, గవర్నమెంటోళ్ళ నోటీసు అతికిచ్చుండె.

నలభై మందిలో ఒకరు తప్ప అందరూ మా వసారాలోకి వచ్చిరి. నన్ను తిట్టాలనే వచ్చినారు. తిడితే ఎదురు మాట్లాడాల గదా ఎవురన్నా, నేను మజ్జిగ కలిపి ఇస్తా ఉంటి. మాట్లాడనిదాన్ని ఎంతసేపు తిడతారు? మీ పెదనాయన పక్కకు తిరిగి తిడతా ఉండిరి. ఆయనకు అది పండగ. మూడు దినాలు ఒక్కడే అందరికీ జవాబు చెప్పె. ఒకామె పోతా పోతా గోడగడియారం తీసుకోని పాయె, వడ్డీ కింద పెట్టుకుంటా అని.

వచ్చినోళ్ళు తిట్టిపోయిరి, అది నయమే. ఓబులక్క రాలేదు. అది ఎక్కువ కష్టమాయె నాకు.

అంతలో మా ఊరి సచివాలయం కాడ బోర్డు పెట్టిరి. కంపెనీ ఆస్తులన్నీ గవర్నమెంటు పట్టుకునింది, అమ్మి జనానికి ఇస్తాది, కట్టినోళ్ళు అసలు బాండు తీసుకోని జమ్మలమడుగు ఆఫీసుకు వచ్చి పేరు రాయించుకోవాల, శనివారం ఆఖరు. పేరు పడకపోతే రూపాయి కూడా రాదు. నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది రాయించుకోని వచ్చిరి. ఒక్క ఓబులక్కదే మిగిలె. శుక్రవారం సందేళ నేను పోతి. ఏమక్కా పోలేదే అని అడగాలని పోతి, గడపకాడ నిలబడుకుంటి. ఆయక్కే నన్ను సూసి, గూడు తెరిచి చూపిచ్చె. మైదా, వార్నీసు, నాలుగేండ్ల కుంకుమ. గోరుతో గీకినా అంచు లేయదు.

"ఇది వస్తాదామ్మే?" అనె. అంతే. తిట్టింటే బాగుండు.

పొద్దున్నే మల్లప్ప బావ మంద తోలుకోని పెన్న పక్కకు పోయినాక, మీ పెదనాయన వచ్చి బందులు ఊడబీకి తలుపు చేతికిచ్చె. చీరలో సుట్టుకోని బస్సెక్కితిమి. కండక్టరు అదేందని అడిగె. బాండు అనె ఓబులక్క. ఆయప్ప తలుపునూ మమ్మల్నీ చూసి, లగేజీ టికెట్టు కొట్టె. జమ్మలమడుగు దాకా మీ పెదనాయన బస్సంతా ఇనపడేమాదిరిగా, నేను ఆఫీసరుతో ఇట్ల మాట్లాడతా, అట్ల నిలదీస్తా, చట్టం నాకు తెల్సు అని చెప్తానే ఉండె. జనం ఆయన్ను లాయరు అనుకునిరి.

ఆఫీసులో వరస పెద్దగుండె. మా వంతు వచ్చేసరికి మూడు దాటె. బల్లెనక క్లర్కు సారు తలెత్తి, ఏంది అనె. నేను మీ పెదనాయనను చూస్తి. ఆయన "సార్" అనె. మల్లా "సార్" అనె. ఇంగ రాల్యా. ముప్పై ఏండ్లు ఆపకుండా మాట్లాడిన మనిషి పాపా. టీ తాగొస్తా అని ఎనక్కి పాయె. పాపం, నిక్కర్లేసుకున్నప్పటినుంచి ఆఫీసంటే ఆయనకు భయం అని నాకు ఆపొద్దు తెలిసె.

ఓబులక్కే తలుపు బల్లమీద పెట్టె. క్లర్కు సారు చెడ్డోడు కాదు, పొద్దున్నించి కూచోని ఈపు పట్టింది ఆయప్పకు. ఇది చెల్లదు, ఊడదీసి కాగితం తెండి అనె. అర్ధగంటలో కౌంటరు మూసేస్తారు, ఊరికి పోయొచ్చేది యాడ. పాపమనుకోని ఆయనే గ్లాసులో నీళ్ళు గుడ్డమీద పోసి అంచు తడిపె. తడిపి గోరుతో లేపె. కుంకుమ కరిగి ఎర్రగా కారతాంది. అంచు లేయలేదు గాని, కింద నంబరుందే, ఆ నంబరు చివరి అంకె మీద వార్నీసు పగిలి కాగితం పొరగా లేచె. ఇంగొక్కసారి లాగితే ఆ అంకె ఆయప్ప గోటికి వస్తాది. నంబరు పోతే ఏడు గొర్రెలూ పోయినట్టే.

నా చెయ్యి ఎప్పుడు పాయెనో నాకు తెల్దు. సారు చెయ్యి పట్టుకుంటి.

"పీకొద్దు సార్. నేనే కట్టిచ్చినా ఈయక్క చేత. ఏజెంటును నేను. కాగితం తలుపుమీద ఉన్నా అది అసలు కాగితమే. అసలుది తెమ్మన్నారు, తెచ్చినాం. దేనికీ అతికిచ్చగూడదని బోర్డులో లేదు."

ఎవురో గట్టిగా మాట్లాడుతాండారే అనుకుంటి. సూస్తే నేనే. వరసలో ఉన్నోళ్ళంతా నా పక్కకు తిరిగిరి. నా గొంతు ఎట్లుంటాదో నేనే అంత పెద్దగా ఎప్పుడూ ఇనింది లేదు.

ఆ సద్దుకు లోపల్నుంచి మేడం వచ్చె. పెద్దాఫీసరు, మీ యమ్మ వయసుంటాది. కండ్లద్దాలు పైకి జరుపుకోని, తలుపు వెలుగు పక్కకు తిప్పి, శానాసేపు చదివె. చదివి ఓబులక్కను అడిగె, దీంట్లో ఏముందో తెల్సా అని. కంపెనీకి డిపాజిట్లు తీసుకునే పర్మిషనే లేదంట. రిజర్వు బ్యాంకు ఇయ్యాలంట అది. వీళ్ళకు ఉన్నది ప్లాట్లు అమ్ముకునే పర్మిషను. అందుకని కింద చీమలంత అక్షరాల్లో, ఈమె దుడ్లు దాచుకోలేదు, మా దగ్గర స్థలం కొనేదానికి అడ్వాన్సు ఇచ్చింది అని రాసుకున్నారంట.

ఓబులక్క అంతా ఇని, "అయితే ఆ నేల యాడుందో చెప్పండి మేడం, గొర్రెల్నన్నా తోల్తాం" అనె.

మేడం నవ్వు ఆపుకోలేకపాయె. క్లర్కు సారు మాత్రం, తలుపును ఫైల్లో ఎట్ల పెట్టేది మేడం అని అడిగె. ఆయన బాధ ఆయనది. నిజమే గదా. మేడం కొంచెం ఆలోచన చేసి, బయట మంచాలు చేసే వడ్రంగాయన్ను పిలిపిచ్చె. ఆయప్ప రంపం తెచ్చి, బాండు సుట్టూ నాలుగు పక్కలా కోసి, చెక్కతో సహా చదరంగా తీసి ఇచ్చె. రసీదులో క్లర్కు సారు, చెక్కతో సహా అసలు బాండు ఒకటి, అని రాసె. ఓబులక్క పేరు పడె. ఆయక్క వేలిముద్ర ఏసి, సిరా కొంగుకు తుడుచుకునె.

బయటికొస్తే మీ పెదనాయన మూడో టీ తాగుతాండె. ఏమాయె అని అడిగె. ఓబులక్కే, నీ పెండ్లాం మాట్లాడింది అనె. ఆయన నమ్మలేదు. ఇప్పటికీ నమ్మడు.

సందేళ మల్లప్ప బావ ఇంటికొచ్చి గూడు సూసె. స్వామి ఉండాల్సిన చోట బొక్క. లోపల ఉప్పుజాడీ కనపడతాంది. ఏమాయె అంటే ఓబులక్క, స్వామిని గవర్నమెంటు సాక్ష్యానికి పిలిపిచ్చింది అనె. దేనికి అని కూడా అడగలేదంట ఆ మంచిమనిషి. స్వామి వచ్చేదాకా చోటు పాడుగాగూడదని బొక్క సుట్టూ బొట్లు పెట్టె. అవే నువ్వు సూసినవి.

ఏడాదిన్నర పట్టె. కంపెనీ స్థలాలు అమ్మి, చిన్న మొత్తాలోళ్ళకు ముందు ఏసిరి. వడ్డీ ల్యా, అసలు మాత్రం. ఓబులక్క ఫోనుకు మెసేజి వస్తే నేనే చదివితి. అప్పుడు మొగునికి అంతా చెప్పేసె ఆయక్క. ఆయప్ప రెండు దినాలు అన్నం తినలేదు. దుడ్లు దాచినందుకు కాదు. నాలుగేండ్లు నేను కంపెనీకి కర్పూరం ఎలిగిచ్చినానా అని. మల్లా ఆయనే సర్దుకోని, బొట్టు పెట్టింది స్వామికే, కంపెనీకి కాదులే అని, పెట్టేది మానుకోలేదు.

నిజమైన కష్టం ఆ తరవాత వచ్చె నాకు. ఓబులక్క దుడ్లన్నీ తీసుకొచ్చి నా ఒళ్ళో పెట్టె. బర్రెలు ఇప్పుడు రేటెక్కినాయి, వానలు పడినాక కొంటా, అందాకా నీ దగ్గరే పెట్టు, కాగితం ఒద్దు, కంపెనీ ఒద్దు అనె. ఒకసారి తల ఊపి నలభై మందిని ముంచినదాన్ని. మల్లా తల ఊపేదా. ఊపలేదు. పద బ్యాంకుకు పోదామంటి.

బ్యాంకులో సారు గుంటూరు పక్క మనిషి, మాట మెత్తగా ఉంటాది. కూచోబెట్టె. రంగుల కాగితం ఒకటి తీసి, డిపాజిట్ ఎందుకండీ, ఇందులో వేసేయండి, ఐదేళ్ళు మర్చిపోండి, రెండింతలు పైనే వస్తుంది అనె. ఓబులక్క నా మొగం సూసె. చేతుల్లో పనేమీ ల్యా, వలిసేదానికి సెనక్కాయలు ల్యా. కొంగు పట్టుకోని నలుపుతా ఉంటి.

"సార్, ఇది బ్యాంకుదా, బ్యాంకులో కూచోని వేరేవాళ్ళది అమ్ముతాండారా?"

సారు పెన్ను కింద పెట్టె. వేరే కంపెనీదేనండీ, మేము సిఫారసు చేస్తాం అనె.

"మీ బ్యాంకు మూతపడితే డిపాజిట్టుకు ఎంతొస్తాది?"

ఐదు లక్షల దాకా ఇన్సూరెన్సు ఉంటుందండీ, రిజర్వు బ్యాంకు వాళ్ళ నియమం అని గబగబా చెప్పె. ఈ ప్రశ్న ఎవురూ అడగరంట, ఆయనకే గుర్తు తెచ్చుకోవాల్సొచ్చె.

"ఈ రంగుల కాగితానికి?"

సారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పె. ఎనకాల వరసలో ఒక ముసలాయన, ఆఁ, దానికి చెప్పు సారూ అనె. దానికి అది వర్తించదండీ అనె సారు, మెల్లగా. ఆ కాగితం తీసి సొరుగులో పెట్టుకునె. పెట్టుకోని, మామూలు డిపాజిట్టు ఫారం తీసి ఓబులక్క ముందర పెట్టె.

బయటికొచ్చినాక మెట్లమీద కూచుంటి. ఓబులక్క పక్కన నిలబడుకోని, "ఇంతకాలం యాడ దాచినావే ఈ నోరు? ఆ ప్రొద్దుటూరులో బిస్కెట్లు తినేటప్పుడు తీసింటే నా ఏడు గొర్రెలూ ఈపాటికి మందయ్యుండు" అనె. తిట్టింది పాపా, ఇన్నేండ్లకు తిట్టింది నన్ను. నాకు ఎంత తేలికాయెనో చెప్పలేను.

ఏందే, నా మొగం అట్ల చూస్తాండావు? ఏడ్చడం లేదులే, పొట్టు కండ్లల్లో పడింది. నువ్వు పెద్ద చదువు చదువుతాండావు, మంచి మనుషులు నీకు బిస్కెట్లు పెడతారు, కుర్చీ వేస్తారు. తిను, కూచో. తిన్నాక అడగాల్సింది అడుగు తల్లీ. సిగ్గుతో తల ఊపే రోజు నీ బతుకులో ఒక్కటి కూడా రాకుండా దేవుడు చూడాల. నీకు కూడు ఎంత అవసరమో, అడిగే నోరూ అంతే అవసరం... ఇంగేముంది, ఆ చాట ఇట్ల జరుపు.